‘హుషారు’ ఉషస్సు నుంచి వచ్చిందా, హోషియార్ నుంచి వచ్చిందా?

మీ ప్రశ్నని ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. మీది నరసన్నపేట వైపు ఊరు. ఇంట్లో పెద్దవాళ్ళు ‘ఉసారు’ అంటారు, పుస్తకాల్లో ‘హుషారు’ అని ఉంటుంది. చిన్నప్పుడు బడిలో ఒక మాస్టారు ఇది సంస్కృతంలోని ‘ఉషస్సు’ నుంచి పుట్టిందనీ, తెల్లవారుజామున లేచినవాడి ఒళ్ళు చురుగ్గా ఉంటుంది కాబట్టి ‘ఉషారు’ అయిందనీ చెప్పారు. ఇప్పుడు హైదరాబాదులో మీతో పనిచేసే హిందీ ఆయన ఇది తమ ‘హోషియార్’ అంటున్నాడు. కానీ వాళ్ళకి హోషియార్ అంటే తెలివైనవాడు, మనకి హుషారు అంటే ఒంట్లో చురుకు. ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం, అర్థం ఇంత దూరం ఎలా జరిగింది అని అడిగారు. హుషారుకి ఒక్క మాటలో అర్థం చెప్పమనీ, రాతలో దాన్ని వాడొచ్చా అనీ కూడా అడిగారు.

ఉషస్సుతో దీనికి సంబంధం లేదు. ఇది పర్షియన్ మాట. అక్కడ దాని రూపం ‘హోష్‌యార్’. అలాగని హిందీ నుంచి నేరుగా మనకి వచ్చిందన్నదీ పూర్తిగా సరికాదని నా అభిప్రాయం. మనకీ వాళ్ళకీ మూలం ఒకటే, దారులు వేరు. అర్థం సంగతి కొస్తే, ఈ మాట పుట్టింది బుర్రకి సంబంధించిన మాటగానే. తెలుగులోకి వచ్చాక ఒంట్లోకి దిగింది. ఎందుకు దిగింది అన్నదే అసలు రుచిగల భాగం, అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ మాట్లాడే మాటలు రాసిపెట్టుకోవడం అలవాటు. కాబట్టి కింద చెప్పేదాంట్లో కొంత నిఘంటువుల నుంచి, కొంత చెవిన పడ్డదాని నుంచి వస్తుంది. నా ఊహ అయిన చోట ఊహ అనే చెప్తాను.

ముందు మూలం. పర్షియన్‌లో ‘హోష్’ అంటే స్పృహ, ఎరుక, తెలివి. ఇస్లాం రాకముందు ఇరాన్‌లో మాట్లాడిన పహ్లవీ భాషలోనూ ఈ మాట ఉంది. ఇంకా వెనక్కి, జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథమైన అవెస్తా భాషలోకి వెళితే ‘ఉషి’ కనిపిస్తుంది. దానికి చెవులు అనీ, గ్రహింపు అనీ రెండర్థాలు. చెవికీ గ్రహింపుకీ చుట్టరికం మనకి మాత్రం కొత్తా? ‘ఎంత చెప్పినా వాడి చెవికెక్కదు’ అంటాం. ఇక ‘యార్’ అంటే విడిగా స్నేహితుడు. కానీ హోష్‌యార్, షహ్రియార్ లాంటి మాటల చివర అది ‘కలవాడు’ అన్నట్టు పనిచేస్తుంది. షహ్రియార్ రాజ్యం కలవాడు, హోష్‌యార్ స్పృహ కలవాడు. ఇంకో ముచ్చట: ఇవాళ ఇరాన్‌లో కృత్రిమ మేధని ‘హోషె మస్నూయీ’ అంటారు. మన నూర్పిడి కళ్ళంలో వినబడే ఉసారూ, అక్కడి కంప్యూటర్ పాఠంలో వినబడే హోషూ ఒకే ఇంటివి.

హోష్‌యార్‌కి పర్షియన్‌లో ఇంకో ముఖ్యమైన అర్థం ఉంది: మత్తులో లేనివాడు. దానికి ఎదురుమాట ‘మస్త్’, అంటే తాగి మత్తెక్కినవాడు. పర్షియన్ కవిత్వంలో ఈ రెండూ జంటగా వస్తూ ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఉషస్సు ఎందుకు కాదో చూద్దాం. ‘ఉసారు’, ‘ఉషారు’ అన్న రూపాలు వింటే ఎవరికైనా ఉషస్సు గుర్తుకొస్తుంది, మీ మాస్టారిని తప్పుపట్టను. కానీ మొదట్లో ఉన్న ఆ ‘ఉ’ అసలు ఉకారం కాదు, హకారం రాలిపోగా మిగిలినది. మన పల్లెల్లో హ నిలవదు. హోటలు ఓటలు అవుతుంది, హనుమంతుడు అనుమంతుడవుతాడు. షకారం, శకారం కూడా అంతే: షాపు సాపు, శనివారం సనివారం. ఈ రెండు అలవాట్లూ కలిస్తే హుషారు ఉసారు కాక ఏమవుతుంది? ‘సుమారు’ చూడండి. అదీ పర్షియన్ మాటే, ‘షుమార్’, అంటే లెక్క. పాత రాతల్లో ‘షుమారు’ అని కూడా ఉండేది. అక్కడ ష పోయి స నిలిచిపోయింది, పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. హుషారుకి మాత్రం రాతలో ష నిలబడింది, నోట్లో పోయింది.

రెండో కారణం, చుట్టుపక్కల భాషలు. ఉషస్సు నుంచి మనవాళ్ళే కట్టుకున్న మాటైతే తెలుగు దాటి ఇంతమంది నోళ్ళలో ఇన్ని రకాలుగా ఉండదు. మరాఠీలో ‘హుషార్’, కన్నడంలో ‘హుషారు’, తమిళంలో ‘ఉషార్’, మలయాళంలో ‘ఉషార్’, ఒడియాలో ‘హుసియార్’, బెంగాలీలో ‘హుఁషియార్’, హిందీ ఉర్దూల్లో ‘హోషియార్’. వీటిని వరసగా పెట్టి చూడండి, ఒక గీత కనిపిస్తుంది. ఉత్తరాదిలో, ఒడియా బెంగాలీల్లో ‘షియార్’ అని మధ్యలో ఇకారం, యకారం నిలిచాయి. మరాఠీ నుంచి కిందికి మొత్తం దక్కనూ దక్షిణమూ ‘షార్’ అని నొక్కేసింది. అందుకే ఈ మాట ఢిల్లీ హిందీ నుంచి కాక దక్కనీ ఉర్దూ, మరాఠీ నోళ్ళ మీదుగా మనకి చేరిందని నేననుకుంటాను. మనం ఒడిశా సరిహద్దులో ఉండి కూడా వాళ్ళ ‘హుసియార్’ తీసుకోకుండా దక్కను రూపాన్నే పట్టుకున్నాం. ఇది నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది.

అయితే దక్కనూ పర్షియనూ ఈ మూలకి ఎలా వచ్చాయి అని కొందరడుగుతారు. శ్రీకాకుళం పట్టణం ఒకప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు (సైన్యాన్నీ పాలననీ చూసే అధికారి) కూర్చున్న చోటు. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊళ్ళో ఉంది. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది, తర్వాత నిజాము, 1753లో ఫ్రెంచివాళ్ళు, 1766 నాటికి ఇంగ్లీషువాళ్ళు. ఉత్తర సర్కారుల్లో ఒకటి ఈ శ్రీకాకుళం సర్కారు, ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అని రాసుకునేవారు. సర్కారు అన్న మాటే పర్షియన్. దానితోపాటు జమీందారు, తహసీలు, దస్తావేజు, రసీదు, గుమాస్తా, హాజరు, ఇలా కచేరీ (సర్కారు ఆఫీసు) భాషంతా దిగింది. కచేరీ మాటలు ఎక్కువగా కాగితం మీద ఉండిపోయాయి. కొన్ని మాత్రం కచేరీ మెట్లు దిగి పొలాల్లోకి నడిచిపోయాయి. తయారు, బేజారు, సుమారు, హుషారు అలాంటివి. ‘పర్షియన్ మాట’ అంటే మా నానమ్మ నవ్వి ఉండేది, ఆవిడకి ఇవన్నీ అచ్చతెలుగే.

(సి.పి. బ్రౌను తెలుగులో కలిసిన ఇలాంటి అన్యదేశ్యాల కోసం 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేశాడు. ఆ కాలానికే అవి ఒక పుస్తకం నిండేటన్ని ఉన్నాయన్నమాట.)

ఇక అర్థం. ఒకే మాటని ఒక్కో భాష ఒక్కో చోట పెట్టుకుంది.

హిందీలో, మరాఠీలో అది బుర్రలోనే ఉంది: తెలివైన పిల్లాడు హోషియార్, హుషార్. ఒడియా బెంగాలీల్లో అది కళ్ళలో ఉంది: జాగ్రత్త, చూసుకో. ఇచ్ఛాపురంలో పనిచేసినప్పుడు సంతలో ఒడియావాళ్ళు బండి వెనక్కి తీస్తూ హుసియార్ అని కేకేస్తే, పక్కనున్న మన తెలుగువాళ్ళు తప్పుకునేవారు గానీ, అది మన ఉసారే అని ఎవరికీ తట్టేది కాదు. తమిళంలోనూ జాగ్రత్తే. నా దగ్గర చదివిన ఒకతను చెన్నైలో భవన నిర్మాణం పనికి వెళ్ళాడు. మన జిల్లా నుంచి ఎంతమంది వెళ్తారో మీకు తెలుసు. మేస్త్రీ రోజూ ‘ఉషారా ఇరు’ అని అరుస్తుంటే, నవ్వుతూ సరదాగా ఉండమంటున్నాడు కాబోలు అనుకున్నాట్ట. పరంజా మీద నిలబడి నవ్వుతుంటే మేస్త్రీ ఇంకా తిట్టాడు. ‘ఏటి మాస్టారూ, ఉసారుగానే ఉన్నాను గదా, మరెందుకు తిడతన్నాడో అనుకున్నాను’ అని చెప్పాడు ఊరికొచ్చినప్పుడు.

మలయాళంలో ‘ఉషార్’ మనకి దగ్గర: జోరుగా, బ్రహ్మాండంగా అని. కన్నడంలో రెండూ ఉన్నాయి. ‘హుషారు!’ అంటే జాగ్రత్త. ‘హుషారిల్ల’ అంటే ఒంట్లో బాగాలేదు. బెంగుళూరులో ఆఫీసుకి ఎవరైనా సెలవు పెడితే చెప్పే మొదటి మాట ఇదే.

ఇప్పుడు మన ఊళ్ళకి రండి. నా క్లాసు గుమ్మంలో నిలబడి ఒక తల్లి చెప్పిన మాట రాసుకున్నాను: ‘గుంటడికి ఒంట్లో ఉసారు నేదు మాస్టారూ, రెండ్రోజులు సెలవివ్వండి.’ కన్నడ హుషారిల్లకీ దీనికీ తేడా ఏముంది? ఉసారు అంటే ఉత్సాహం అని మాత్రమే రాసే నిఘంటువులు ఈ అర్థాన్ని వదిలేస్తున్నాయి. ఉత్సాహం మనసుది. ఉసారు ఒంటిది. జ్వరం తగ్గిన పిల్లాడు లేచి అన్నం అడిగితే ‘ఇప్పుడు కాస్త ఉసారొచ్చింది’ అంటారు. దూడ పుట్టిన రోజే గెంతితే ‘మంచి ఉసారు దూడ’ అంటారు. దూడకి ఉత్సాహం ఉందని ఎవరూ అనరు.

ఈ ‘ఒంటి ఎరుక’ అన్న అర్థం అన్నిటికంటే స్పష్టంగా నాకు తప్పెటగుళ్ళ దగ్గర వినబడింది. మన రెండు జిల్లాల యాదవుల కళ అది. గుండెకి గుండ్రటి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు, పాడుతూ, గెంతుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కుతారు. ఎక్కేటప్పుడు కింద ఉన్న పెద్దాయన ‘ఉసారు, ఉసారు’ అంటాడు. అక్కడ దాని అర్థం జాగ్రత్తా? ఉత్సాహమా? రెండూ కాదు, రెండూ కలిసిందే. పాట జోరు తగ్గకూడదు, కాలు జారకూడదు. కాలు ఎక్కడుందో కాలికే తెలిసి ఉండాలి. మీరు ‘హుషారుకి ఒక్క మాటలో అర్థం చెప్పండి’ అన్నారు గదా, నాకైతే అదే అర్థం: ఒంటికి ఒళ్ళు తెలిసి ఉండటం.

సరే, బుర్ర నుంచి ఒంటికి ఎందుకు దిగింది? ఇక్కడినుంచి నా ఊహ. రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, బుర్రలో చోటు ఖాళీ లేదు. పర్షియన్ హోష్ చేసే పనులన్నీ తెలుగులో అప్పటికే ఒక మాట చేస్తోంది: తెలివి. తెలివి అంటే మేధ, తెలివి అంటే స్పృహ కూడా. ‘తెలివి తప్పి పడిపోయాడు’, ‘ఇప్పుడే తెలివొచ్చింది’, ‘మంచి తెలివైనోడు’. హోష్‌లోకి రావడం, బేహోష్ కావడం, హోషియార్ కావడం, ఈ మూడింటికీ మనకి సొంత సరుకుంది. ఏమరకుండా ఉండటానికి మెలకువ ఉంది, తప్పితే ఏమరుపాటు ఉంది. అద్దెకొచ్చిన మాటకి లోపలి గదులేవీ దొరకలేదు, కాబట్టి వాకిట్లో, అంటే ఒంట్లో, కాపురం పెట్టింది.

మీ మాస్టారికి నచ్చే సంగతి ఒకటి ఇక్కడుంది. తెల్లవారడానికీ చురుకైన ఎరుకకీ సంబంధం ఉందని ఆయన అన్నది హుషారు విషయంలో నిలవదు గానీ, తెలివి విషయంలో అక్షరాలా నిజం. తెలియు, తెలివి, తెలుపు, తెల్ల, తెల్లవారు ఒకే ద్రావిడ ధాతువు పిల్లలు. ‘తేటపడటం’ అనేది ఆ ధాతువు అర్థం. తమిళంలో ‘తెళి’ అంటే తేరుకోవడం, స్పష్టం కావడం. రాత్రి తేరుకుంటే తెల్లవారుతుంది, బుర్ర తేరుకుంటే తెలుస్తుంది. ఆయన సరైన ఇంటినే వెతికారు, తలుపు వేరేది తట్టారు.

రెండో కారణం, మాటని మనకి తెచ్చినవాళ్ళు. హోషియార్ మనకి పండితుల నుంచి రాలేదు, సిపాయిల నుంచీ పహరావాళ్ళ నుంచీ వ్యాయామశాలల నుంచీ వచ్చి ఉండాలి. సిపాయికి ‘హుషార్!’ అంటే వెన్ను నిటారు చేయి, చేతిలో ఈటె సరిగా పట్టు అని. ఆ కేకకి జవాబు చెప్పేది బుర్ర కాదు, ఒళ్ళు. మన ప్రాంతంలో ఒంటికి సంబంధించిన మాటలు ఎన్ని ఇటే వచ్చాయో చూడండి: కుస్తీ, పహిల్వాను, వస్తాదు పర్షియన్ నుంచి, తాలింఖానా (వ్యాయామశాల) అన్న మాటలోని తాలీం అరబీ నుంచి, కసరత్తు హిందుస్తానీ మీదుగా. విజయనగరం ఈ విద్యకి పేరుపడ్డ ఊరు. కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా), విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి, తర్వాత సర్కసు పెట్టి దేశదేశాలు తిరిగాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే ఉంది. అలాంటి చోట ఒక మాట ఒళ్ళంతా పాకడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఈ రెండు కారణాలూ ఊహే అన్నాను గానీ, వీటిని బలపరిచే తోడు మాట ఒకటుంది, ‘చలాకీ’. పర్షియన్‌లో చాలాక్ అంటే ఒడుపైనవాడు, కాలూ చెయ్యీ వేగంగా ఆడేవాడు. హిందీ దాన్ని బుర్రలోకి ఎక్కించింది: చాలాక్ అంటే జిత్తులమారి. తెలుగు మాత్రం ఒంట్లోనే ఉంచింది, చలాకీ పిల్ల అంటే తిట్టు కాదు, మెచ్చుకోలు. హోషియార్‌నీ చాలాక్‌నీ రెంటినీ హిందీ తలకి తీసుకుంది, రెంటినీ తెలుగు ఒంటికి తీసుకుంది. ఒక్కసారైతే యాదృచ్ఛికం అనొచ్చు.

ఇక నేను ముందు గుర్తుపెట్టుకోమన్న సంగతి. పర్షియన్‌లో హోష్‌యార్ అంటే తాగనివాడు గదా. మన దగ్గర సాయంత్రం నలుగురు కూర్చుని రెండు పెగ్గులు పడ్డాక ఏమంటారు? ‘మావా, ఇప్పుడు మంచి హుషారులో ఉన్నాడు’. హుషారెక్కింది అంటేనే సగం మందికి మందు గుర్తొస్తుంది. మత్తు లేనివాడికి పెట్టిన పేరు వెయ్యిమైళ్ళు నడిచొచ్చి మత్తెక్కినవాడికి అంటుకుంది. మాటల చరిత్రలో ఇంత చక్కటి తిరగబడటం నాకు తక్కువే తగిలింది. ఇదీ ఒంటి అర్థం నుంచే వచ్చింది: ఒళ్ళు తేలికైంది, మాట జోరందుకుంది, కాబట్టి హుషారు. తెలివి సంగతి మర్నాడు చూసుకుంటారు.

సంస్కృతం వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది. అప్రమత్తత అన్న మాట విప్పితే, ప్రమత్తుడు కానితనం. అందులోని ‘మత్త’ మదం, మత్తు అన్నవాటిలోదే. అంటే ఇరాన్‌వాళ్ళూ మనవాళ్ళూ ఎరుకని ‘తాగి లేకపోవడం’గానే ఊహించారు. జాగ్రత్త మాత్రం నిద్ర వైపు నుంచి వచ్చింది, జాగ్రత్ అంటే మేలుకుని ఉన్న స్థితి. మన మెలకువ కూడా మేలుకోవడమే. కానీ దానికి తెలుగు ఇంకో అర్థం కలిపింది: వంటలో మెలకువలు, కుస్తీలో మెలకువలు. మేలుకుని ఉన్న చెయ్యి నేర్చుకున్నదాన్ని కూడా మెలకువే అన్నాం.

అర్థం జారిపోవడం హుషారు ఒక్కదానికే జరిగిందనుకోకండి. ‘సావధానం’ చూడండి. అవధానంతో కూడి ఉండటం, అంటే శ్రద్ధగా ఉండటం అని సంస్కృతం. పెళ్ళిలో పురోహితుడు ‘సావధాన’ అంటే ముహూర్తం మీద దృష్టి పెట్టండి అని. ఎన్‌సీసీ కుర్రాళ్ళకి ‘సావధాన్’ అంటే మడమలు కలిపి బిగుసుకు నిలబడటం. మన వాడుకలోనేమో ‘సావధానంగా కూర్చుని మాట్లాడుకుందాం’ అంటే తాపీగా, తొందర లేకుండా అని. ఒకే మాటకి ఒకచోట ఒళ్ళు బిగుస్తుంది, ఇంకోచోట వదులవుతుంది. ‘పరాకు’ మరీ విచిత్రం. పరాకుగా ఉన్నాడంటే ధ్యాస లేదని, రాజుగారి ముందు బహుపరాక్ అంటే ధ్యాస పెట్టండని. దాని సంగతి చెప్పాలంటే వేరే ప్రశ్న కావాలి.

ఒక చిన్న హెచ్చరిక. ‘జోష్’ని దీంతో కలపకండి. కుర్రాళ్ళు జోష్, హుషారు ఒకేలా వాడతారు గానీ, జోష్ అంటే పర్షియన్‌లో ఉడుకు, పొంగు. హోష్, జోష్ ప్రాసకి మాత్రమే చుట్టాలు. ‘ఖబడ్దార్’ మాత్రం హోష్‌యార్‌కి పోలికున్న మాట: ఖబర్ అంటే వార్త, దార్ అంటే కలిగినవాడు, సంగతి తెలిసి ఉన్నవాడు. ఉత్తరాదిలో అది జాగ్రత్త, మనకి బెదిరింపు. ఇక హుషారుకి తెలుగులో సరైన ఎదురుమాట ఏదని అడిగితే నేను ‘బేజారు’ అంటాను, అదీ పర్షియనే, విసిగిపోయినవాడని. ఆ భాషలో ఇవి జంట కాదు. మనమే పెళ్ళిచేశాం, ప్రాస కుదిరింది కాబట్టి.

మీరు చివర్లో అడిగింది: రాతలో వాడొచ్చా, ఎలా వాడాలి?

నిరభ్యంతరంగా వాడండి. ఇది అన్యదేశ్యం, వ్యాసంలో రాయకూడదు అని ఇంకా చెప్పే మాస్టార్లున్నారు, నాతో పనిచేసినవాళ్ళలోనూ ఉండేవారు. వ్యావహారిక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తూ, స్టేజీ దిగాక పిల్లాడి కాపీలో ‘హుషారు’ కింద ఎర్ర గీత గీయడం నాకు మింగుడుపడదు.

కానీ ఒకచోట మాత్రం వాడకండి: హెచ్చరికగా. హిందీలో ‘హోషియార్ రహియే’ అని ఉన్నదాన్ని తెలుగు చేస్తూ ‘ఆన్‌లైన్ మోసగాళ్ళ పట్ల హుషారుగా ఉండండి’ అని రాసిన నోటీసు ఒకటి ఒక ఆఫీసు గోడ మీద చూశాను. చదివినవాళ్ళంతా నవ్వుకుంటున్నారు, మోసగాళ్ళతో జల్సా చేయమన్నట్టుంది. అక్కడ ‘జాగ్రత్త’ లేదా ‘అప్రమత్తంగా ఉండండి’ అనే రాయాలి. పాత తరం నోట్లో జాగ్రత్త అన్న అర్థం ఇంకా ఉంది, దొంగల భయం ఉన్నప్పుడు ‘రాత్రి ఉసారుగా పడుకోండర్రా’ అనడం నేను విన్నాను. పడుకోవడం ఉసారుగా ఏమిటని అడక్కండి, చెవొకటి మేలుకునుండాలని. ఆ అర్థం నోటి మాటలో, పల్లెలో చెల్లుతుంది. నోటీసులో చెల్లదు.

కథలో పాత్ర మాటగా రాస్తే ‘ఉసారు’ అనే రాయండి, ‘హుషారు’ అని దిద్దితే మన ప్రాంతం పోతుంది. మీ సొంత వాక్యంలో ‘హుషారు’ రాయండి, ష ఉండాలి. ‘హుశారు’ అని శతో రాస్తున్నారు కొందరు, దానికి ఆధారం లేదు. ‘హుషారీ’ అని నామరూపం కూడా ఉంది గానీ ఇప్పుడు వాడుక తక్కువ. హుషారైన, హుషారుగా, హుషారెక్కు, హుషారు చేయు, ఇవన్నీ చక్కగా కుదురుతాయి. ‘హుషారుతనం’ మాత్రం అవసరం లేదు, హుషారే నామవాచకం.